బాగుపడిన ప్రింటరు మీద విచారణ

యంత్రం చెడిపోవడం నేరం కాదని నాకు ముందే తెలుసు. బాగుపడటం నేరమని మాత్రం అరవై నాలుగో ఏట, స్వతంత్ర సాక్షిగా మూడు ప్రతుల మీద సంతకం పెట్టిన రోజున తెలిసింది. ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ని కాబట్టి, జరిగింది జరిగిన వరసలోనే చెబుతాను.

మా ఎదురు వాటాలో మంగవేణి, వాళ్ల అత్తగారు సూరీడమ్మగారు ఉంటారు. భర్త ఓడల మీద పనిచేస్తాడు, ఏడాదికి రెండు నెలలు కనిపిస్తాడు. మంగవేణి దివ్యాంగుల ధ్రువపత్రాలిచ్చే ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆ ఆఫీసు మెట్లలో మూడోది విరిగి రెండేళ్లయింది. దాని మరమ్మతు ఫైలు నడుస్తూనే ఉంది. ఆ మెట్టు మీద కాలు పెట్టిన మంగవేణి మాత్రం నడవలేకపోయింది. చీలమండ విరిగి, మోకాలి దాకా పిండికట్టుతో ఇంట్లో పడింది.

సరిగ్గా అప్పుడే వైద్య శిబిరం జరిగి మూడువందల నలభై మందికి ధ్రువపత్రాలు అచ్చువేయాల్సి వచ్చింది. ఆ పని తెలిసిన మనిషి ఆఫీసులో మరొకరు లేరు. అందుకని పరిపాలనాధికారి పూర్ణానందంగారు, అందరూ ఏవోగారంటారు, ఒక ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చారు. దాని పేరు 'కార్యాలయ పరికరమునకు తాత్కాలిక గృహవసతి కల్పన'. ఒక సోమవారం పొద్దున లేజర్ ప్రింటరు ఆటోలో దిగింది. దాని వెంట దానికన్నా బరువైన కవరింగ్ లెటరు దిగింది.

ప్రింటరు రాగానే సూరీడమ్మగారు టీవీ పక్కన బల్ల ఖాళీ చేసి, కింద ఇస్త్రీ చేసిన దుప్పటి పరిచారు. మంగవేణి కాలు ముక్కాలిపీట మీద పెట్టుకుని పని మొదలుపెట్టింది. కాగితానికి ఎడమ అంచు నుంచి నాలుగు సెంటీమీటర్ల దూరంలో, పైనుంచి కింద దాకా, నల్లటి గీత వచ్చింది. మనిషి ఫొటో మీద పడితే చెంప చీరినట్టుగా కనిపించే గీత. పైగా ప్రతి మూడో కాగితం లోపల ఇరుక్కుపోయింది. సాయంత్రానికి ఇరవై ఏడు పత్రాలు వచ్చాయి. ఇరవై ఏడింటి మీదా గీతే.

ఆఫీసుకి ఫోన్ చేస్తే, లోపాన్ని నిర్ణీత నమూనాలో తెలియజేయమన్నారు. తెలియజేసింది. ఆమోదిత సంస్థ తాలూకు మెకానిక్ ఇరవై ఒక్క పనిదినాల్లో వస్తాడని జవాబొచ్చింది.

ఇరవై ఒక్క పనిదినాలంటే సెలవులు కలుపుకుని నెల పైమాటే. పత్రాలు అందుకోవాల్సినవాళ్లలో షమీమ్ అనే పిల్ల ఉంది. మా వీధి చివర బట్టలు కుట్టే మస్తాన్‌వలీ కూతురు. చిన్నప్పుడు జ్వరమొచ్చి చెవులు పోయాయి, పెదాల కదలిక చూసి మాటలు పట్టుకుంటుంది. పాలిటెక్నిక్‌లో దివ్యాంగుల కోటా కింద సీటుకి తర్వాతి వారం గురువారం కౌన్సెలింగు. పత్రం లేకపోతే సీటు లేదు. తండ్రి ఆ సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడి, పత్రం ఎప్పుడొస్తుందమ్మా అని అడిగాడు. మంగవేణి గీత పడిన వేరేవాళ్ల పత్రం ఒకటి చూపించింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, మా పిల్ల మొహానికీ ఇలాగే అడ్డంగా పడుతుంది కదమ్మా అన్నాడు, అంతే.

మర్నాడు పొద్దున మంగవేణి నన్ను పిలిచింది. వంగలేకపోతున్నాను మాస్టారూ, టార్చి పట్టుకుంటారా అంది. నేను వెళ్లేసరికే ప్రింటరు ప్లగ్గు తీసేసి ఉంది. లోపల కాగితాన్ని కాల్చి రంగు అంటించే భాగం ఉంటుందట, అది చల్లారాలని అరగంట ఆగింది. ముందు తలుపు తెరిచి రంగుపొడి డబ్బా బయటికి లాగింది. దానికున్న ఆకుపచ్చ రోలుకి వెలుతురు తగలకూడదంటూ పాత పంచె కప్పింది. వెనక తలుపు తెరిచి నన్ను వెలుగు వేయమంది.

నాలుగు పక్కలా వెతికాక దొరికింది. కాగితం బయటికి వచ్చే దారిలో, వేడికి ముడుచుకుపోయి, అరచేతిలో సగం ఉన్న స్టిక్కరు ముక్క. పట్టకారుతో నెమ్మదిగా లాగి బల్ల మీద పరిచింది. దాని మీద 'ప్రభుత్వ ఆస్తి' అనే అక్షరాలూ, సగం నంబరూ ఉన్నాయి. ఆస్తి నంబరు బయట అంటిస్తే ఎవరైనా పీకేస్తారని ఆఫీసులో ఎవరో ముందుచూపున్న మనిషి కాగితాల అర లోపల అంటించాడన్నమాట. అదే ఊడి లోపలికి పోయింది. దాని జిగురు డబ్బాలో చిన్న రోలుకి అంటుకుని, అదే నల్లగీతగా పడుతోంది.

ఆ జిగురు పొడిగుడ్డతో పది నిమిషాలు ఓపిగ్గా తుడిచింది. కాగితాన్ని లోపలికి లాగే రబ్బరు చక్రం నున్నగా మెరుస్తుంటే తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చింది. మళ్లీ అన్నీ బిగించి ప్లగ్గు పెట్టింది. ప్రింటరు ఒకసారి గొంతు సవరించుకుని, మచ్చలేని తెల్లకాగితం మీద షమీమ్ పత్రాన్ని బయటికి తెచ్చింది. సూరీడమ్మగారు దాన్ని రెండు చేతుల్తో అందుకుని, పిల్ల ఎంత కళగా ఉందే అన్నారు. ఆ రోజూ మర్నాడూ కలిపి మిగిలిన మూడువందల పదమూడు పత్రాలూ అయిపోయాయి. స్టిక్కరు ముక్క చెత్తబుట్టలోకీ, అక్కణ్నుంచి మున్సిపాలిటీ బండిలోకీ వెళ్లింది.

ఇక్కడితో ఆగి ఉంటే ఇందులో కథే లేదు. కానీ మంగవేణి ఇరవై రెండేళ్లుగా జరిగింది జరిగినట్టు రాసే మనిషి. గీత పడిన ఇరవై ఏడూ మళ్లీ వేయాలో లేదో ఆఫీసే తేల్చాలని వాటినీ పత్రాల కట్టలో పెట్టి, దానితో పాటు ఒక చిన్న ఉత్తరం పంపింది: ప్రింటరులో స్టిక్కరు ఇరుక్కుని గీత వచ్చినది, తీసి శుభ్రపరచితిని, ఇప్పుడు బాగా పనిచేయుచున్నది, మెకానిక్ అవసరము లేదు.

గురువారం మధ్యాహ్నం మెమో వచ్చింది. నాచేత చదివించింది, తాను సరిగా అర్థం చేసుకుందో లేదో అని.

"విషయం: కార్యాలయ పరికరము అనుమతి లేకుండా బాగుపడుట గురించి. పై విషయమై తెలియజేయునది ఏమనగా, లోపము గల యంత్రమును ఆమోదిత సంస్థ తప్ప అన్యులు బాగుచేయుట నిబంధనలకు విరుద్ధము. అంతేగాక సదరు లోపమును తనిఖీ సంఘము ఇంకను ధ్రువీకరించలేదు. ధ్రువీకరించని లోపము లోపము కానేరదు. కావున లోపము లేని యంత్రమును మీరు బాగుచేసినట్లు తేలుచున్నది. ఇట్లు మార్పునకు గురైన యంత్రము నుండి వెలువడిన పత్రములు ఎంతవరకు చెల్లునో తేలువరకు వాటిపై ముద్ర వేయుట నిలిపివేయడమైనది. మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

నాకు బాగానే అర్థమైందని చెప్పాను. యంత్రం చెడిపోలేదు కాబట్టి బాగుచేయడం తప్పు. చెడిపోయి ఉన్నా బాగుచేయడం తప్పే. లెక్కల్లో ఇలాంటివి వస్తే ఎక్కడో గుర్తు తప్పు పడిందని వెనక్కి వెళ్లి చూసుకుంటాం. ఆఫీసులో ముందుకే వెళతారు.

మంగవేణి సంజాయిషీ రాసింది. దానితో పాటు షమీమ్ కౌన్సెలింగు తేదీ కూడా రాసి, కనీసం ఆ ఒక్క పత్రానికైనా ముద్ర వేయించమని వేడుకుంది. శనివారం జవాబుకి బదులు మనుషులే వచ్చారు. ఏవోగారు, ఇద్దరు సభ్యులు, వాళ్ల వెనక ఫైళ్లు మోసే ప్యూను.

పూర్ణానందంగారు పొట్టిగా, శుభ్రంగా, ఎప్పుడూ ఏదో సంతకం పెట్టబోతున్నట్టు చెయ్యి కాస్త పైకెత్తి ఉంచే మనిషి. చెడ్డవాడు కాదు. ఇంట్లో అడుగుపెట్టగానే మంగవేణి కాలు ఎలా ఉందని అడిగారు. జవాబు వచ్చేలోపు ప్రింటరు దగ్గరికి వెళ్లిపోయారు. దాన్ని ఆన్ చేయించి ఒక కాగితం అచ్చువేయించారు. శుభ్రంగా వచ్చింది. సభ్యులిద్దరూ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసి, చాలా దిగులుగా తలలూపారు.

ఎదురింటి వాణ్ని కాబట్టి నన్ను స్వతంత్ర సాక్షిగా కూర్చోబెట్టారు. యంత్రం పూర్తిగా పనిచేస్తున్న స్థితిలో పట్టుబడిందని పంచనామా రాశారు. నేను సంతకం పెట్టాను. అబద్ధమేమీ లేదు కదా.

ఆ తర్వాత ఏవోగారు కుర్చీలో సర్దుకుని పరిష్కారం వివరించారు. ఆయన గొంతులో నిజమైన దయే ఉంది. ఎవరి ఉద్యోగానికీ ముప్పు రాకుండా ఈ వ్యవహారాన్ని సక్రమం చేయొచ్చన్నారు. యంత్రాన్ని పూర్వస్థితికి తెస్తే చాలు. అంటే లోపాన్ని యథాతథంగా పునరుద్ధరించాలి. అప్పుడు సంఘం లోపాన్ని ధ్రువీకరిస్తుంది. ధ్రువీకరించిన లోపాన్ని ఆమోదిత సంస్థ బాగుచేస్తుంది. అలా బాగుపడిన యంత్రంలో పత్రాలన్నీ మళ్లీ అచ్చువేసుకోవచ్చు.

"మళ్లీ పాడుచేయమంటున్నారా సార్?" అంది మంగవేణి.

"పాడుచేయడం కాదమ్మా, పునరుద్ధరణ. పదం జాగ్రత్తగా వాడాలి" అన్నారాయన.

ఆ స్టిక్కరు ముక్క ఎక్కడ అని సభ్యుల్లో ఒకాయన అడిగాడు. చెత్తబండిలో పోయిందని తెలిసి సంఘం మొత్తం ఒక నిమిషం మౌనం పాటించింది. స్టిక్కరు మీద ఉన్నది ఆస్తి నంబరు. నంబరు పోతే అది ప్రభుత్వ ఆస్తి అని చెప్పడానికి ఆధారం లేదు. ప్రభుత్వ ఆస్తి కాకపోతే సంఘానికి దాన్ని తనిఖీ చేసే అధికారం లేదు. దీని మీద గంటన్నర చర్చ జరిగింది. మధ్యలో సూరీడమ్మగారు అందరికీ కాఫీ తెచ్చారు. యంత్రానికి మూడడుగుల లోపు వేడి ద్రవం తెచ్చినట్టు అదీ రాసుకున్నారు. రాసుకున్నాకే తాగారు.

చివరికి, నిర్ణయమయ్యేదాకా ఆ ఇంటి హాలుని తాత్కాలిక కార్యాలయ ప్రాంగణంగా ప్రకటించారు. ప్రింటరు చుట్టూ తెల్ల రిబ్బను కట్టారు. ఒక కాపలా మనిషిని పెట్టారు. ఆయన పొద్దున పదింటికి వచ్చి సాయంత్రం ఐదు దాకా సోఫాలో కూర్చునేవాడు. వచ్చేపోయేవాళ్లు ఆయన దగ్గరున్న పుస్తకంలో పేరు, పని, వచ్చిన సమయం రాయాలి. సూరీడమ్మగారు పడకగదిలోంచి వంటింట్లోకి వెళ్లాలంటే హాలు దాటాలి. మొదటి రోజే ఆవిడ ఆ పుస్తకంలో పద్దెనిమిదిసార్లు సంతకం పెట్టారు. 'పని' అన్నచోట మొదట 'పప్పు పొంగుతోంది' అని వివరంగా రాసేవారు, సాయంత్రానికి ఉత్త గీత గీసి వదిలేశారు.

సోమవారం ఆమోదిత సంస్థ మెకానిక్ ప్రభుదాసు వచ్చాడు. ఇరవై ఒక్క పనిదినాలు ఆగాల్సినవాడు అంత తొందరగా ఎలా వచ్చాడంటే, బాగుచేయడానికి గడువుంది గానీ పాడుచేయడానికి గడువు రాయలేదట. అతను ప్రింటరుని చూసి, చక్కగా ఉంది కదండీ, నన్నేం చేయమంటారు అన్నాడు. ఏవోగారు పని చెప్పారు. ప్రభుదాసు పనిముట్ల పెట్టె కింద పెట్టేశాడు. పదహారేళ్లుగా ఈ పనిలో ఉన్నాను సార్, ఇలాంటిది ఎవరూ అడగలేదు అన్నాడు. అడిగినట్టు లిఖితపూర్వకంగా ఇస్తామన్నాక పెట్టె తెరిచాడు.

మొదట కొత్త స్టిక్కరు ముక్క కత్తిరించి లోపల పెట్టారు. ప్రింటరు దాన్ని మొదటి కాగితంతో పాటు మర్యాదగా బయటికి పంపేసింది. రెండోసారి జిగురు పూశారు. లేత మరక పడింది గానీ ఆరో కాగితానికి అదీ పోయింది. రబ్బరు చక్రానికి పౌడరు రాశారు. కాస్త బద్ధకించింది, అంతే. యంత్రం ఇంత మొండిగా పనిచేస్తుందని తాము ఊహించలేదని ఒక సభ్యుడు బాధపడ్డాడు. దీన్ని కొన్నప్పుడే ఇలా పనిచేస్తుందని తెలిస్తే టెండరు వేరేవాళ్లకిచ్చేవాళ్లమని రెండో సభ్యుడన్నాడు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఏవోగారికి సహనం నశించింది. ప్రభుదాసు చేతిలో స్క్రూడ్రైవరు తీసుకుని, ఆకుపచ్చ రోలు మీద స్వహస్తాలతో ఒక గీత గీశారు. ప్రభుదాసు కళ్లు మూసుకున్నాడు. కాగితం బయటికి వచ్చింది. దట్టమైన నల్లగీత. సంఘమంతా లేచి నిలబడింది. ఒక సభ్యుడు చప్పట్లు కొట్టాడు కూడా.

తర్వాత స్కేలు పెట్టి కొలిచారు. గీత ఎడమ అంచు నుంచి పదకొండు సెంటీమీటర్ల దగ్గర పడింది. అసలు లోపం నాలుగు సెంటీమీటర్ల దగ్గర. కాబట్టి ఇది ఆ లోపం కాదు, కొత్త లోపం. కొత్త లోపానికి కొత్త ఫైలు. గీత జరపడం కుదురుతుందా అని ఏవోగారు అడిగారు. రోలు గీసుకుపోతే ఇక మార్చడమేనని, ఆ మోడలు రోలు తమ దగ్గర లేదని ప్రభుదాసు చెప్పాడు. వెళ్తూ వెళ్తూ మంగవేణి దగ్గర ఆగి, మీరు చాలా శుభ్రంగా తుడిచారమ్మా, నేనైతే అంత ఓపిక పట్టేవాణ్ని కాదు అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో ఆవిడ పనిని మెచ్చుకున్న మనిషి అతనొక్కడే. అతను వెళ్లాక ఆవిడ కాసేపు ఏడ్చింది. కాలు నొప్పి అని సూరీడమ్మగారికి చెప్పింది.

మంగళవారం తుది ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వులో తర్కానికి ఎక్కడా లోటు లేదని నేను ఒప్పుకోవాలి. యంత్రం మార్పుకి గురికాక ముందు వెలువడిన పత్రాలు ఇరవై ఏడు. అవి మాత్రమే సక్రమమైనవి. వాటిని పోల్చి చూడగా అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లక్షణం ఎడమ అంచుకి నాలుగు సెంటీమీటర్ల దూరంలో నల్లగీత. కనుక ఈ శిబిరం తాలూకు అసలు పత్రాన్ని గుర్తించడానికి సదరు గీతే ప్రమాణం. గీత లేని పత్రాలను ఎవరూ ఆమోదించరాదు. ఈ మేరకు నమూనా ప్రతిని కౌన్సెలింగు కేంద్రానికీ, బస్ పాసుల కౌంటరుకీ, పింఛన్ల విభాగానికీ పంపడమైనది. మిగిలిన మూడువందల పదమూడు పత్రాలను, యంత్రం పూర్వస్థితికి వచ్చాక తిరిగి అచ్చువేయుటకై, ముద్ర లేకుండా మంగవేణికే వాపసు చేయడమైనది.

బుధవారం పొద్దున మస్తాన్‌వలీ కూతుర్ని తీసుకుని వచ్చాడు. కాపలా పుస్తకంలో ఇద్దరి పేర్లూ రాసి లోపలికి వచ్చారు. షమీమ్ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎవరు మాట్లాడితే వాళ్ల నోటి వంక చూస్తుంది. మంగవేణి ఉత్తర్వు సంగతి మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. ఆ పిల్ల ముఖంలో మొదట ఏమీ మారలేదు. తనకి సరిగా అందలేదేమోనని తండ్రి వైపు తిరిగింది. ఆయన తల దించుకున్నాడు. అప్పుడు తను పెదాల మీద పట్టుకున్న మాట సరైనదేనని అర్థమైంది.

చెవిటి పిల్లని చెవిటిదని చెప్పడానికి ఒక కాగితం కావాలి. ఆ కాగితం శుభ్రంగా ఉంది కాబట్టి అది చెల్లదు. మస్తాన్‌వలీ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. రెండేళ్లు ట్యూషన్‌కి పంపానమ్మా, పదో తరగతిలో లెక్కలకి తొంభై ఆరు వచ్చాయి, అని మాత్రం అన్నాడు. ఆ లెక్కలు చెప్పింది నేనే. నాకు ఆ గదిలో కూర్చోబుద్ధి కాలేదు.

 మంగవేణి కాపలా మనిషికి టిఫిను తెచ్చుకోమని సెలవిచ్చింది. ఆయన వెళ్లాక నన్ను స్కేలు అడిగింది, నల్ల స్కెచ్ పెన్ను అడిగింది. ఇచ్చాను. షమీమ్ పత్రం బల్ల మీద పెట్టి ఎడమ అంచు నుంచి నాలుగు సెంటీమీటర్లు కొలిచి పైనా కిందా చుక్కలు పెట్టింది. పెన్ను మూత తీసింది. మళ్లీ పెట్టేసింది.

"ఇరవై రెండేళ్లలో ఒక్క కాగితం మీద అక్షరం దిద్దలేదు మాస్టారూ" అంది.

నాకు తెలుసన్నాను. మళ్లీ మూత తీసి గీయడం మొదలుపెట్టింది. ఫొటో దాకా వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. అప్పుడు షమీమ్ ముందుకి వచ్చింది. ఆవిడ చేతిలోంచి పెన్ను తీసుకుని, స్కేలుని ఎడమచేత్తో అదిమి పట్టి, తన మొహం మీదుగా కాగితం చివరిదాకా ఒక్క ఊపులో గీసేసింది. దర్జీ కూతురు. గుడ్డ మీద సుద్దతో గీతలు గీసి అలవాటున్న చెయ్యి. ఎక్కడా వంకర లేదు. గీసి, నా వైపు చూసి నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ముద్ర కోసం తండ్రి ఆ పత్రాన్ని తిన్నగా ఆఫీసుకి పట్టుకెళ్లాడు. అక్కడ గుమస్తా నమూనాతో పోల్చి, ఇరవై ఎనిమిదోది అన్నమాట, ఎక్కడో తప్పిపోయి ఉంటుంది అని గొణుక్కుంటూ ముద్ర గుద్దేశాడు.

గురువారం కౌన్సెలింగులో షమీమ్‌కి సీటు వచ్చింది. సాయంత్రం మస్తాన్‌వలీ మిఠాయితో వచ్చి అక్కడి సంగతి చెప్పాడు. పరిశీలన అధికారి భూతద్దం పెట్టి మరీ చూశాడట. ఈ శిబిరం పత్రాలు చాలా పద్ధతిగా ఉన్నాయని మెచ్చుకున్నాడట. పక్క జిల్లా నుంచి వచ్చిన ఒక కుర్రాడి పత్రం మీద గీత లేదని, వెళ్లి వేయించుకు రమ్మని తిప్పి పంపాడట. ఆ కుర్రాడికి ఒక చెయ్యి లేదు. ఆ సంగతి గీత లేకుండానే కనబడుతోందని మస్తాన్‌వలీ అన్నాడు. మంగవేణి చేతిలోకి తీసుకున్న మిఠాయి బల్ల మీద పెట్టేసింది.

ఇలాంటి కబురు దాగదు. శనివారం నాటికి మంగవేణి గుమ్మం ముందు నలభై మంది చేరారు. మూడు చక్రాల బళ్లు వీధిలో వరసగా నిలబడ్డాయి. కాపలా మనిషి పుస్తకంలో పేజీలు అయిపోయి, ఆయనే పక్కకి తప్పుకున్నాడు. నేను నా దగ్గరున్న స్కేళ్లన్నీ తెచ్చాను, షాపుకెళ్లి పన్నెండు పెన్నులు తెచ్చాను. మంగవేణి కుర్చీలో కూర్చుని ఎవరి పత్రం వాళ్లకి పేరుపెట్టి పిలిచి ఇచ్చింది, కొలత చెప్పింది. ఆవిడ ఇక తన చేత్తో గీయలేదు. గీసుకోవడం వాళ్లే చూసుకున్నారు.

ఆ దృశ్యం నేను మర్చిపోలేను. చూపులేనివాళ్ల కాగితాల మీద నడవలేనివాళ్లు గీశారు. చేతులు రెండూ లేని ఒక పెద్దాయన నేల మీద కూర్చుని, స్కేలుని పాదంతో కదలకుండా అదిమి పెడితే, మాటలు రాని ఒకావిడ గీసింది. ఒక ముసలమ్మ తన పక్కనున్న అంధుడితో, బాగా పడింది నాయనా నీది, నా దాని కన్నా నల్లగా ఉంది అని చెప్పి సంతోషపెట్టింది. ప్రభుత్వం ఒక్కొక్కరికీ ఇంత శాతం లోపమని కొలిచి రాసిచ్చిన కాగితాలవి. వాటికే లోపం చాలలేదని వాళ్లు ఆ హాల్లో కూర్చుని సరిపెట్టుకున్నారు.

పన్నెండు గంటలకి పూర్ణానందంగారు కొత్త లోపం ఫైలుతో ప్రింటరుని చూడటానికి వచ్చారు. గుమ్మంలో నిలబడి అంతా చూశారు. మంగవేణి లేవబోయి లేవలేక కూర్చుండిపోయింది. ఆయన అడిగితే దాచలేదు. ఉద్యోగం పోతుందని తెలిసే చెప్పింది.

"గీతలు గీసుకుంటున్నారు సార్. కొలత నేనే చెప్పాను" అంది.

హాలంతా పెన్నులు ఆగిపోయాయి. ఏవోగారు వంగి, పాదంతో స్కేలు పట్టుకున్న పెద్దాయన ముందున్న పత్రం తీసుకున్నారు. జేబులోంచి తన సొంత స్కేలు తీసి కొలిచారు. పైన నాలుగు. మధ్యలో నాలుగు. కింద నాలుగు. ఫైలు తెరిచి నిబంధనల పుస్తకం ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ తిప్పారు. సూరీడమ్మగారు వంటింటి గుమ్మంలోనే నిలబడి, కాఫీ తేవచ్చో లేదో తెలియక చూస్తున్నారు. ఆయన అలా ఎంతసేపు చదివారో నేను చెప్పలేను. చదువుతున్నకొద్దీ మొహం విచ్చుకుంటూ వచ్చింది.

"అనుమతి లేకుండా బాగుచేయరాదని ఉంది" అన్నారు చివరికి. "పాడుచేయరాదని ఎక్కడా లేదు."

కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ముద్ర, సిరాడబ్బా పట్టుకురమ్మని ప్యూనుని ఆఫీసుకి పరిగెత్తించారు. అప్పటిదాకా ఖాళీగా ఉండటమెందుకని, గీతలు సరిగా లేనివాళ్లని, మళ్లీ గీయించడానికి, పక్కకి తీసి వరసలో నిలబడమన్నారు. నిలబడలేనివాళ్లు కూర్చునే వరసలోకి వచ్చారు.